జుర్రుపూల నాలుకాయన

పాకం కేంద్రంలో చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంది. మేనేజరు కూర్చునేదానికి కూడా చేతులు లేవు. ఆ కుర్చీని తలుపుకు ఎదురుగా, పొద్దుటి వెలుతురు సరిగ్గా ముఖాన పడేటట్టు వేస్తారు. ఇరవై ఆరేళ్ళుగా అందులో కూర్చుంటున్న మనిషిని అందరూ నాలుకాయన అంటారు. ముఖం మీదే అన్నా ఆయనకు కోపం రాదు. పైగా ఎవరైనా కొత్తవాళ్ళు అసలు పేరుతో పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారనుకుని పక్కకు తప్పుకునేవాడు.

కొండ ఎగువ వాలంతా జుర్రుపూల పొదలు. మనిషి నడుము దాటి పెరగవు. ఆకు మందం, కొమ్మ మొండి. పువ్వు మాత్రం గిన్నెలా ఉంటుంది. బిరుసు రేకులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడితే, వాటి అడుగున రాత్రంతా తేనె ఊరుతుంది. తేనె అంటే పట్టు నుంచి పిండే తేనె కాదు, ఇంచుమించు నీళ్ళలా ఉండే తీపి. పిల్లలు పువ్వు వంచి జుర్రుకుంటారు కాబట్టి ఆ పేరు. పెద్దవాళ్ళు చీకటి విడీవిడకముందే గిన్నెలు పట్టుకుని వెళ్ళి, పువ్వును కొమ్మ మీదే వంచి, రెండుసార్లు దులుపుతారు. మంచి పువ్వైతే ఒక చెంచాడు రాలుతుంది. తేనెతో పాటు చీమలూ చిన్న పురుగులూ రాలతాయి. పువ్వును తెంపకూడదు. పిట్టలు లేచాక వెళితే పిట్టలు వదిలింది తెచ్చుకోవాలి.

అలా తెచ్చినదంతా కేంద్రంలో వడగట్టి, వెడల్పాటి బాణళ్ళలో మరిగిస్తే పాకం అవుతుంది. సీసాలకెక్కి దిగువ పట్నాలకు పోతుంది. కానీ మరిగించే ముందు, తెచ్చింది పువ్వు నుంచి రాలిందో, కుండలోంచి వంపిందో ఎవరో ఒకరు తేల్చాలి. నీళ్ళు కలిపేవాళ్ళు కలుపుతారు, చక్కెర కలిపేవాళ్ళు కలుపుతారు. అందుకే ఆ కుర్చీ.

పని చూడటానికి తేలికే. ఆడవాళ్ళు గిన్నెలతో వరసలో నిలబడతారు. మేనేజరు గిన్నెలో చెంచా ముంచి ఒక చుక్క నాలుకాయన ఎడమ చేతి వెనక వేస్తాడు. ఆయన దాన్ని నాకి, కళ్ళు మూసుకుని, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగుతాడు. ఆ ఆరు అంకెల కాలంలో ఎవరైనా గట్టిగా ఊపిరి పీల్చినా ఆయనకు నచ్చదు. తర్వాత "పొయ్యండి" అంటే గిన్నె బాణలిలోకి, కార్డు మీదకు ముద్ర. "తీసుకెళ్ళు" అంటే గిన్నె ఇంటికి. ఒక పూల కాలంలో మూడుసార్లు "తీసుకెళ్ళు" అనిపించుకున్నవాళ్ళ కార్డు అక్కడే, అందరి ముందూ చింపేస్తారు. చింపించుకున్నవాళ్ళతో నూతి దగ్గర కూడా ఎవరూ సరిగా మాట్లాడరు. దొంగ అని ఎవరూ అనరు. అనాల్సిన పని ఉండదు.

నాలుకాయన నాలుకను మొదట కనిపెట్టింది ఆయన వదిన. ఆవిడ ఆ ఇంటికి కోడలుగా వచ్చేటప్పటికి ఆయనకు ఐదేళ్ళు, తల్లి లేదు. చంకనెక్కించుకుని కొండకు తీసుకెళ్ళేది. ఆవిడ దులుపుతుంటే వాడు పక్క పొదలో పువ్వు పువ్వుకీ నాలుక పెట్టి, "ఇది నిన్నటిది వదినా," "ఇది పిట్ట తాగిందే," అంటూ తీర్పులు చెప్పేవాడు. ఆవిడకు పిల్లల్లేరు. ముచ్చటపడి, "మా చిన్నోడి నాలుకకు తెలియనిది లేదు," అని ఊరంతా చెప్పుకుంది. ఊరికి వేరే పనేముంది, నమ్మింది. కేంద్రం పెట్టినప్పుడు కుర్చీ ఎవరికి అన్న ప్రశ్నే రాలేదు.

అన్న పోయాడు. వదిన ఇప్పటికీ కొండకు పోతుంది. కొండ పైకంటా ఎక్కి, పొగమంచు పట్టుకుని ఉండే చోట దులుపుకొస్తుంది. ఆమె పొడుగు మనిషి. వరసలో అందరి తలల మీదుగా ఆమె తల కనబడుతుంది. గిన్నె ఇస్తూ ఎవరి ముఖమూ చూడదు, గోడకేసి చూస్తుంది. అది గర్వమని కొందరు, మెడ నొప్పని కొందరు అంటారు.

ఇక ఇంటి సంగతి. నాలుకాయన భార్య పెళ్ళైన కొత్తలో ఒకసారి, "కూర ఎలా ఉంది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆయన ఇరవై రెండేళ్ళుగా జవాబు చెబుతూనే ఉన్నాడు. పోపు ఒక క్షణం ముందు దించి ఉండాల్సింది. మిరపకాయ నిన్నటిది. ఉప్పు రెండుసార్లుగా వేశావు, ఒకేసారి వేయాలి. నాలుకకు పనికిరావని మధ్యాహ్నం దాకా ఆయన టీ తాగడు, కారం తినడు. వేడి తగిలితే మొద్దుబారుతుందని ఊది ఊది తింటాడు. పెళ్ళిళ్ళకు వెళితే వంటవాళ్ళు ఆయన విస్తరి వైపు రాకుండా చుట్టు తిరిగి పోయేవాళ్ళు. ఆయన దాన్ని మర్యాద అనుకునేవాడు.

ఈ ఏడు పూలు విచ్చిన రెండో వారంలో ఆయనకు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు. పదో రోజు లేచి భార్య ఇచ్చిన గంజి తాగాడు. వేడి తెలిసింది, చిక్కదనం తెలిసింది. ఇంకేమీ తెలియలేదు. జ్వరపు నోరు కదా అనుకున్నాడు. పదకొండో రోజు వంటింట్లోకి దొంగలా వెళ్ళి చక్కెర డబ్బాలో వేలు పెట్టాడు. ఇసుక. పక్కనున్న ఉప్పు డబ్బాలో వేలు పెట్టాడు. అదీ ఇసుకే. పచ్చిమిరపకాయ కొరికాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, నోట్లో మంట పుట్టింది, రుచి మాత్రం రాలేదు. అంతలో భార్య వచ్చింది.

"ఏంటండీ, ఏడుస్తున్నారు?"

"మిరపకాయలు మంచివి కావు," అన్నాడు. "మార్పించు."

పన్నెండో రోజు కేంద్రానికి వెళ్ళేసరికి కుర్చీలో మేనేజరు బావమరిది కూర్చుని ఉన్నాడు. ఊరికే కాదు, చేతుల మీద చేతులు వేసి, వెనక్కి వాలి, ఎత్తు సరిపోతుందా అని చూసుకుంటున్నాడు. నాలుకాయనను చూసి లేచాడు గానీ, లేవడంలో తొందర లేదు.

"తగ్గిందా మాస్టారూ?" అన్నాడు. "ఈ పది రోజులూ నేనే నెట్టుకొచ్చాను. పెద్ద కష్టమేం కాదు. అయినా జ్వరం తర్వాత నోరు ఒక్కోసారి తిరిగి రాదంటారు. మా పెదనాన్నకు రాలేదు."

"మీ పెదనాన్నకు ముందు మాత్రం ఉందా ఏంటి," అని నాలుకాయన కూర్చున్నాడు.

కూర్చున్నాక ఒక సంగతి అర్థమైంది. రుచి లేదని ఒక్క మాట బయటకు పొక్కితే ఈ కుర్చీ ఆ సాయంత్రానికే బావమరిదిది. కుర్చీ పోయాక తనను ఏమని పిలుస్తారు? తనకు వేరే పని రాదు. దులపడం ఎప్పుడో మరిచిపోయాడు. పొయ్యి దగ్గర కలపడానికి నడుము ఒప్పుకోదు. ఊరి మీద తీర్పులు చెప్పే నోటికి, తీర్పు లేకుండా ఎలా తెరుచుకోవాలో తెలియదు. మొదటి చుక్క చేతి మీద పడింది. నాకాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆరు అంకెలూ లెక్కపెట్టాడు. కళ్ళు సన్నగా తెరిచి, రెప్పల సందులోంచి ఎదుటి మనిషి ముఖం చూశాడు. ఆవిడ కాలి బొటనవేలితో నేల రాస్తోంది.

"తీసుకెళ్ళు," అన్నాడు.

"ఒక్క చెంబుడు నీళ్ళేనండీ," అందావిడ ఏడుపు గొంతుతో. "గిన్నె కడిగినవి ఉండిపోయాయి."

నాలుకాయనకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి ఆయన నాలుకతో కాక రెప్పల సందులోంచి పని చేయడం మొదలుపెట్టాడు. నేల చూసిందా, తీసుకెళ్ళు. గిన్నె అంచు తుడిచిందా, తీసుకెళ్ళు. ధైర్యంగా చూసిందా, పొయ్యండి. దానికి తోడు చిక్కదనం ఒకటి నాలుకకు ఇంకా తెలుస్తోంది. పల్చగా తగిలితే నీళ్ళు, చిక్కగా తగిలితే సరుకు. ఈ రెండూ కలిపి, ఇన్నాళ్ళూ అనవసరంగా రుచి చూశానేమో అని కూడా ఆయనకు ఒకసారి అనిపించింది.

ఇంట్లో ఎనిమిది రోజులు నడిచింది. ఎనిమిదో రోజు భార్య హడావుడిలో కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఆయన రెండు ముద్దలు తిని, తల పంకించి, "ఉప్పు ఒక పలుకు ఎక్కువైంది," అన్నాడు. ఆవిడకు తర్వాత తను తిన్నప్పుడు తెలిసింది. మర్నాడు కావాలనే రెండు గుప్పిళ్ళు వేసింది. ఆయన తిని, "ఇవాళ కుదిరింది. ఇలా చెయ్యాలి," అన్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు తుడిచే గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని చాలాసేపు నవ్వింది. నవ్వడం అయ్యాక బయటకొచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎన్నాళ్ళైంది?"

"ఏది?"

"నోరు చచ్చి."

ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "జ్వరంతో పోయింది. వస్తుందిలే. ఎవరికీ చెప్పకు."

"నాకేం పట్టింది చెప్పడానికి. ఈ ఇంట్లో ఇంత ప్రశాంతంగా నేనెప్పుడైనా తిన్నానా?" ఆవిడ లేస్తూ ఆగింది. "అది సరే, అక్కడేం చేస్తున్నారు మరి?"

"పని జరుగుతోంది."

"ఎలా జరుగుతోంది?"

"చెప్పానుగా, జరుగుతోందని."

జరుగుతున్న తీరు మొదట కనిపెట్టింది చిలక. ఆ పేరు ఆమె ముక్కు చూసి పెట్టారో, నోరు చూసి పెట్టారో ఎవరూ ఆలోచించలేదు. ఒకనాడు దిగివచ్చేటప్పుడు జారిపడి గిన్నె మొత్తం ఒలకబోసుకుంది. ఉత్త చేతులతో పోవడం ఇష్టం లేక, ఇంట్లో చక్కెర నీళ్ళు కాచి, చల్లార్చి, నమ్మకం కోసం నాలుగు రేకులు తుంచి పడేసింది. ఇంకాస్త నమ్మకం కోసం డబ్బా దగ్గర తిరిగే చీమలను పది, పదిహేను పట్టి వేసింది. పట్టుబడితే ఏడుద్దామని సిద్ధపడే వచ్చింది. ఏడవడానికి సిద్ధపడ్డ మనిషికి భయముండదు కాబట్టి ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

నాలుకాయన నాకి, కళ్ళు మూసుకుని, ఈసారి ఎనిమిది దాకా లెక్కపెట్టాడు.

"ఎక్కడ దులిపావమ్మా ఇది?"

"ఎందుకు బాబాయ్?"

"నిండు పువ్వు. పిట్ట ముక్కు తగల్లేదు. ఇదిగో, అందరూ వినండి, ఇలా తేవాలి. పొయ్యండి."

చిలక కార్డు తీసుకుని గుమ్మం దాటేదాకా నడిచింది. దాటాక పరుగెత్తింది. వారం తిరిగేసరికి వరసలో సగం మందికి తెలుసు, రెండు వారాలకు అందరికీ తెలుసు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నూతి దగ్గర "ఇవాళ ఎన్నింటికి లేచావే?" అని ఒకరంటే, "సూర్యుడి తర్వాత," అని ఇంకొకరు నవ్వేవాళ్ళు, అంతే. ముఖం సూటిగా పెట్టడం, పాకం చిక్కగా కాయడం, ఈ రెండే నేర్చుకోవాలి. చీమలు ఎలాగూ ఇంట్లోనే ఉన్నాయి. కొండ మీద దారి గడ్డి పట్టింది. పిట్టలు బలిశాయి.

ఒక్క మనిషి మాత్రం రోజూ చీకట్లో కొండెక్కుతోంది. పొడుగు వదినకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆమె వినే రకం కాదు. ఆమె తెచ్చేది పొగమంచులో ఊరిన తేనె, అందరిదానికంటే ఎప్పుడూ పల్చన. ఇదివరకు నాలుకాయన దాన్ని నాకి, కళ్ళు తెరవకుండానే "పొయ్యండి" అనేవాడు. ఇప్పుడు నాలుకకు నీళ్ళలా తగిలింది. రెప్పల సందులోంచి చూస్తే వదిన గోడకేసి చూస్తోంది.

"తీసుకెళ్ళు," అన్నాడు.

ఆమె గోడ మీంచి చూపు తిప్పి, ఆయన్ను చూసింది. "ఏంటి?"

"నీళ్ళు కలిసినట్టుంది వదినా."

"నేనా?"

వెనక నుంచి చిలక, "పోనీలే పెద్దమ్మా, మంచు నీళ్ళు పడి ఉంటాయి," అని సర్దబోయింది. తన గిన్నెలో చీమ ఒకటి ఈదుతుంటే బొటనవేలితో లోపలికి తోసింది. వదిన గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

నెల తర్వాత రెండోసారి అదే జరిగింది. ఆ మధ్యలో ముప్పై రోజులు ఆయన రెప్పల సందులోంచి ఆమెది అని గుర్తుపట్టి, పొయ్యండి అంటూ నెట్టుకొచ్చాడు. కానీ ఆ రోజు మేనేజరు బావమరిది పక్కనే నిలబడ్డాడు. చెంచాలోంచి చుక్క జారే తీరు చూసి, "ఇదేంటి మాస్టారూ, నీళ్ళలా కారిపోతోంది. మన వాళ్ళైతే పల్చగా ఉన్నా ఫరవాలేదా?" అన్నాడు. కుర్చీ చేతి మీద నాలుకాయన వేళ్ళు బిగుసుకున్నాయి. తీసుకెళ్ళు అన్నాడు.

ఆ సాయంత్రం భార్య అన్నం పెట్టలేదు. పళ్ళెం ముందు పెట్టి ఊరుకుంది.

"అక్కకు ఇంకొక్కసారి అంటే కార్డు చింపేస్తారట కదా."

"రూలు అది."

"రూలు ఎవరు పెట్టారో నాకు తెలీదు గానీ, మిమ్మల్ని చంకనేసుకుని తిరిగింది ఎవరో తెలుసు. నీళ్ళు కలిపే మనిషేనా ఆవిడ?"

"నేను కలిపిందని అన్నానా? కలిసినట్టుంది అన్నాను."

"ఎలా ఉందో మీకెలా తెలుసు?"

ఆయన పళ్ళెం వైపు చూశాడు. "ఏం చెయ్యమంటావు? వెళ్ళి నాకు నోరు లేదు, ఇదిగో కుర్చీ, కూర్చోరా బాబూ అని వాడికి ఇచ్చి రమ్మంటావా? రేపు ఎల్లుండి కంపెనీ ఆఫీసరు వస్తున్నాడు. అది దాటనీ. తర్వాత చూద్దాం."

"చూడ్డానికి కళ్ళున్నాయిగా, చూడండి," అని ఆవిడ లోపలికి వెళ్ళింది. పెట్టుకుని తినాల్సి వచ్చింది.

కంపెనీ ఆఫీసరు రెండు రోజులకు వచ్చాడు. సన్నటి మనిషి, బూట్ల మీద దుమ్ము పడితే ఆగి తుడుచుకునే రకం. పాకం కొనే కంపెనీ ఆయన్ను పంపడం అదే మొదటిసారి. మేనేజరు గుమ్మం దాకా ఎదురెళ్ళాడు. ఏదో ముంచుకొచ్చిందని నాలుకాయన కుర్చీలో చెమటలు కక్కుతున్నాడు. ఆఫీసరు నేరుగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మిమ్మల్ని చూద్దామనే వచ్చానండీ. ఇన్నేళ్ళుగా మీ పాకం ఒక సీసా ఒకలా, ఇంకో సీసా ఇంకోలా ఉండేది. ఒకదాంట్లో పువ్వు వాసన, ఒకదాంట్లో ఆకు వగరు. కొనేవాళ్ళు గోల. ఈ మూడు నెలల నుంచీ చూస్తున్నాం, ఒక్క చుక్క తేడా లేదు. ఏం చేశారండీ?"

"ఏదో, అనుభవం," అన్నాడు నాలుకాయన.

"అందుకే సీసా మీద మీ ఫొటో వేద్దామనుకుంటున్నాం. చేతి మీద చుక్క, కళ్ళు మూసుకుని మీరు. ఇవాళే తీసుకుని పోతాను. ముందు మీరు పని చేస్తుంటే ఒకసారి చూస్తాను."

వరస కదిలింది. చిక్కటి గిన్నెలు, సూటి ముఖాలు. పొయ్యండి, పొయ్యండి, పొయ్యండి. ఆఫీసరు మధ్య మధ్య తనూ ఒక చుక్క నాకి, "అదే, అదే రుచి," అంటున్నాడు. బావమరిది కూడా మెచ్చుకోలుగా నవ్వక తప్పలేదు. నాలుకాయన వీపు మెల్లగా కుర్చీకి ఆనింది.

వదిన వంతు వచ్చింది. ఆమె చేతిలో ఎప్పటి గిన్నె లేదు. రెండు చిన్న గ్లాసులున్నాయి. రెండూ బల్ల మీద పెట్టింది.

"ఇదేంటి పెద్దమ్మా?" అన్నాడు మేనేజరు.

"ఒకటి నాది. ఒకటి చిలకది. పొద్దున్న అడిగి తీసుకున్నాను. నాది నీళ్ళంటున్నాడు కదా మా మరిది, ఏది నీళ్ళో, ఏది పువ్వో, పక్కపక్కన పెట్టి చెప్పమను. ఆయన నాదే నీళ్ళంటే కార్డు నేనే ఇచ్చేసిపోతాను."

చిలక నోరు తెరిచి, మూసేసింది. ఆఫీసరుకు ఇది తమాషాగా ఉంది. "బాగుంది, బాగుంది, చెప్పండి," అని ఫోను తీసి పట్టుకున్నాడు.

నాలుకాయన మొదటి గ్లాసు చుక్క నాకాడు. రెండోది నాకాడు. రెండూ ఒకే పల్చన. రెప్పల సందులోంచి వదినను చూశాడు. గోడకేసి చూస్తోంది. చిలకను చూశాడు. చిలక నేలకేసి చూస్తోంది. అది ఇంతకుముందెప్పుడూ నేల చూడలేదు. ఆరు దాటింది, పది దాటింది. వదినది కాపాడాలని ఆయన నిజంగానే అనుకున్నాడు. రెండింట్లో ఏది ఆమెదో మాత్రం తెలియలేదు.

"ఇది మంచిది," అని కుడి చేతి గ్లాసు చూపించాడు. "ఈ రెండోదాంట్లో నీళ్ళు కలిశాయి."

వదిన గోడ మీంచి చూపు తిప్పింది.

"రెండూ నావేరా," అంది. "ఒకే గిన్నెలోంచి వంపాను."

మేనేజరు చెంచాలోంచి ఒక చుక్క బల్ల మీద పడింది. వదిన, ఒకప్పుడు పువ్వు అందించి ఏమంటాడా అని వాడి నోటి వంక చూసినట్టే చూస్తూ నిలబడింది.

నాలుకాయన లేచి నిలబడ్డాడు. ఆ గదిలో ఆయన నిలబడగా ఎవరూ చూడలేదు. మనిషి అనుకున్నదానికంటే పొట్టి.

"నాకు రుచి తెలియడం లేదు," అన్నాడు. "జ్వరం వచ్చినప్పటి నుంచీ. ఏదీ తెలియదు. మూడు నెలలుగా మీ ముఖాలు చూసి చెబుతున్నాను. వదినది ఎప్పుడూ నీళ్ళు కాదు."

అన్నాక, పిడుగు పడుతుందని కళ్ళు మూసుకున్నాడు. ఈసారి కళ్ళు నిజంగానే మూశాడు. బావమరిది ఒక అడుగు కుర్చీ వైపు వేశాడు.

ముందు తేరుకున్నది చిలక. "ఊరుకో బాబాయ్," అంది గట్టిగా. "జ్వరం పడి లేచి నీరసంగా ఉంది సార్ ఆయనకు. పెద్దమ్మను చూసి జాలిపడి అంటున్నాడు. మా బాబాయికి తెలియని రుచా?"

"అవును సార్," అంది వెనకావిడ. "నిన్న కూడా నాది ఏ పొదదో చెప్పాడు."

"నాది ఏ కొమ్మదో చెప్పాడు," అంది ఇంకొకామె.

వరస మొత్తం ఆ నాలుకకు సాక్ష్యం చెప్పింది. మొదటి రోజు ఒక చెంబుడు నీళ్ళకు పట్టుబడి ఏడ్చినావిడ కూడా, "నన్ను పట్టుకున్నాడు సార్, చుక్కలోనే పట్టుకున్నాడు," అని గర్వంగా చెప్పుకుంది. ఇన్నేళ్ళలో అంతమంది ఆడవాళ్ళు ఆయన గురించి ఒకే మాట మీద ఉండటం అదే మొదలు.

నాలుకాయన కళ్ళు తెరిచాడు. "నేను నిజం చెబుతున్నాను సార్."

ఆఫీసరు ఫోను దించి ఆలోచించాడు. "ఎన్నాళ్ళ నుంచి అన్నారు?"

"మూడు నెలలు."

"అంటే ఈ మూడు నెలల సరుకూ..." అని ఆగి, వదిన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. ముఖం చిట్లించాడు. ఆయన నాలుక బాగానే పని చేస్తోంది. "ఇదేంటండీ, ఇలా ఉంది? పచ్చి వాసన. ఇది మన పాకంలా లేదు. ఇది కలిస్తే మళ్ళీ సీసాకో రుచి వస్తుంది."

"అది పువ్వు సార్," అన్నాడు నాలుకాయన.

"పువ్వే కావచ్చు. కొనేవాళ్ళకు ఈ రుచి అలవాటు లేదు. ఉన్న క్వాలిటీ చెడగొట్టుకోకండి." మేనేజరు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఈయన్ను మార్చకండి. ఉన్నది ఉన్నట్టు నడవనివ్వండి. ఈయన చెప్పింది నేను వినలేదు, మీరూ వినలేదు."

"నేనేం వినలేదు సార్," అన్నాడు మేనేజరు వెంటనే. అని, బావమరిది భుజం మీద చెయ్యి వేసి గోడ దగ్గరకు జరిపాడు.

వదిన నడుముకు కట్టుకున్న సంచిలోంచి కార్డు తీసింది. ఇరవై ఆరేళ్ళ కార్డు కాదు, ఈ ఏటిదే, కానీ అంచులు అరిగిపోయాయి. బల్ల మీద పెట్టింది.

"చింపండి. మూడోసారి ఇది."

"అలా కాదు పెద్దమ్మా, కావాలంటే నువ్వూ కాస్త చిక్కగా..." అని మేనేజరు మాట మింగాడు. ఆమె కదల్లేదు. ఆయన చింపాడు. నాలుగు ముక్కలు చేసి, ఎక్కడ పడేయాలో తెలియక చేతిలోనే పెట్టుకున్నాడు.

వదిన రెండో గ్లాసు తీసుకుంది. తేనె మీద తేలుతున్న చీమను వేలి కొసతో అంచుకు తెచ్చి, అది గ్లాసు దిగేదాకా ఆగి, నిలబడి మొత్తం తాగింది. తొందర పడలేదు. ఆ గదిలో ఆ రోజు రుచి ఎరిగి తాగిన మనిషి ఆమె ఒక్కతే.

"మీ తప్పు కాదు సార్," అంది ఆఫీసరుతో, మూతి తుడుచుకుంటూ. "మీకు అలవాటు లేదు."

తర్వాత మరిది వైపు తిరిగింది. "రుచి పోవడం నీ తప్పు కాదురా చిన్నోడా. నోరు ఉంది కదా. మొదటిసారి నన్ను పొమ్మన్న రోజు చెప్పాల్సింది." ఖాళీ గ్లాసులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టి, వరస పక్క నుంచి నడిచి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. అవసరమైనదానికంటే ఎక్కువే ఇచ్చారు.

నాలుకాయన ఆమె వెనక రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు మేనేజరు మోచెయ్యి పట్టుకున్నాడు. "వెలుతురు పోతోంది మాస్టారూ, ఫొటో."

కూర్చోబెట్టారు. ఆఫీసరు ముందుకీ వెనక్కీ జరిగి, "తల కాస్త ఎత్తండి. కళ్ళు మూసుకోండి. అమృతం తాగినట్టు ఉండాలి ముఖం," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు నాలుకాయన. ఇరవై ఆరేళ్ళుగా పెట్టిన ముఖమే, ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో ఈసారి ఎంతకీ కుదరలేదు. "ఏడుస్తున్నట్టు వస్తోంది," అన్నాడు ఆఫీసరు. "పనిలో ఉండగా తీద్దాం. వరసను రానివ్వండి."

చిలక గిన్నె పట్టుకుని ముందుకొచ్చింది. మేనేజరు చెంచా కోసం బల్ల మీద వెతుక్కుంటున్నాడు. చుక్క ఇంకా చేతి మీద పడనే లేదు.

"పొయ్యండి," అన్నాడు నాలుకాయన.